సజ్దా నుంచి లేవడం ఆలస్యమవుతున్నదా?

ఫజ్ర్ నమాజుకు ఇంటి పెద్దాయన మసీదుకు బయలుదేరుతారు. ఒకప్పుడు అందరికంటే ముందు నడిచిన మనిషి ఇప్పుడు మనుమడి వెనుక చిన్న చిన్న అడుగులు వేస్తున్నారు. నడకలో ఒక చేయి ఊగడం లేదు. సజ్దా నుంచి లేవడానికి సమయం పడుతున్నది. “డెబ్బై ఏళ్ళు వచ్చాయి కదా!” అని మనం సరిపెట్టుకుంటాము. అయితే అన్నిసార్లూ అది వయసు ప్రభావమే కాకపోవచ్చు. పార్కిన్సన్స్ వ్యాధి తరచుగా ఇలాగే చడీచప్పుడు లేకుండా ఇంట్లోకి వస్తుంది.

ఈ వ్యాధిని 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించారు. మన కదలికలను అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని మెదడులోని కొన్ని కణాలు తయారుచేస్తాయి. అవి క్రమంగా నశించడం వల్ల ఈ వ్యాధి కలుగుతుంది. చేయి వణకడం మొదలయ్యేనాటికే వాటిలో పెద్దభాగం పోయి ఉంటుంది. కనుక అంతకుముందే కనిపించే సూచనలను గుర్తించాలి. వాటిని గమనించగలిగేది ఇంటివారే.

అత్తరు వాసన, వంటింటి ఘుమఘుమ తెలియకపోవడం. ఏళ్ళ తరబడి మలబద్ధకం. నిద్రలో కలకు తగ్గట్టుగా అరవడం, చేతులు కాళ్ళు విసరడం - ఇవి వణుకుకు ఎన్నో ఏళ్ళ ముందే రావచ్చు. తరువాత అక్షరాలు చిన్నవి కావడం, గొంతు సన్నబడడం, ముఖంలో భావాలు తగ్గడం కనిపిస్తాయి. వీటిలో ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన వ్యాధి వచ్చినట్లు కాదు. జలుబుతోనూ వాసన పోతుంది. రెండు మూడు సూచనలు కలిసి కనిపిస్తూ నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంటే మాత్రం ఉపేక్షించరాదు.

ఈ వ్యాధి ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ? అరవై దాటినవారికి, స్త్రీలకంటే పురుషులకు, దగ్గరి రక్తసంబంధీకులలో వ్యాధి ఉన్నవారికి, తలకు బలమైన దెబ్బలు తగిలినవారికి. పురుగుమందులు, కలుపుమందులతో దీర్ఘకాలం పనిచేసినవారికి కూడా ముప్పు ఎక్కువని అనేక పరిశోధనలు సూచిస్తున్నాయి. బోధన్ ప్రాంతంలో మనం ఆలోచించవలసిన విషయం ఇదే. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది; దాని కోసం చెరకు పండించిన తరం నేడు వృద్ధాప్యంలో ఉన్నది. వారిలో మందు డబ్బాను వీపున మోసి, ముఖానికి గుడ్డ కూడా లేకుండా పిచికారీ చేసినవారు ఎందరో! పారాక్వాట్ అనే కలుపుమందుకు ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి అనుమతి లేదు. గడచిన కాలాన్ని మార్చలేము. కానీ నేడు పొలానికి వెళ్ళే మన కుమారులు చేతి తొడుగులు, మాస్కు ధరించాలి. గాలికి ఎదురుగా పిచికారీ చేయరాదు. ఇంటికి రాగానే స్నానం చేసి, ఆ బట్టలను విడిగా ఉతకాలి.

మరొక జాగ్రత్త. తలతిరుగుడుకు వాడే సిన్నారిజిన్, ఫ్లూనారిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ వంటి మాత్రలను వృద్ధులు నెలల తరబడి మింగితే అచ్చం ఇవే లక్షణాలు రావచ్చు. మాత్ర మానిన తరువాత చాలామందిలో అవి క్రమంగా తగ్గుతాయి. కనుక ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చూపించి, వారు సూచిస్తే నరాల వైద్య నిపుణుని సంప్రదించండి. ఈ వ్యాధిని ప్రధానంగా నడక, కదలికలను పరీక్షించి నిర్ధారిస్తారు. పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, లెవోడోపా వంటి మందులతోను, క్రమం తప్పని వ్యాయామంతోను అనేకులు చాలా ఏళ్ళు తమ పనులు తాము చేసుకోగలుగుతున్నారు. రంజాన్ ఉపవాసాల కోసం ఈ మందులను సొంతంగా ఆపడం ప్రమాదకరం. వైద్యుని ముందే అడగాలి.

అన్నింటికంటే ముందు మన ప్రవర్తన. చిరునవ్వు లేని ముఖాన్ని చూసి అబ్బాజాన్‌కు కోపం వచ్చిందనుకోవద్దు. చొక్కా గుండీ పెట్టుకోవడంలో ఆలస్యమైతే విసుక్కోవద్దు. నిలబడలేనివారు కూర్చొని నమాజు చేసే సౌలభ్యాన్ని మన ధర్మం ఇచ్చింది. ఆ కుర్చీని తెచ్చి వేయవలసింది మనమే. రేపు ఉదయం మసీదుకు వెళ్ళేటప్పుడు వారి పక్కనే నడుద్దాం. వారి అడుగులను ఒక్కసారి శ్రద్ధగా చూద్దాం.