పాత పంటలు నిలిచాయి - కొనేవారేరీ?

జహీరాబాద్: చిరుధాన్యాలు మళ్ళీ రావాలని పట్టణాలలో సభలు జరుగుతున్నాయి. మన జహీరాబాద్ ప్రాంతంలో ఆ పని మూడు దశాబ్దాల క్రితమే మొదలైంది. చేసినవారు మహిళా సంఘాల సభ్యులు. వారిలో ఎక్కువమంది ఎకరం, రెండెకరాలు గల దళిత స్త్రీలు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేదల ఆకలి తీర్చిన మాట నిజమే. అయితే చౌకడిపోలో జొన్నలకు చోటు లేకపోవడంతో మెట్ట పంటకు ఆదరణ తగ్గింది. పలుచోట్ల ఎర్ర నేలలు బీళ్ళుగా మిగిలాయి.

పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు 1990 దశకం మధ్యలో దీనికి విరుగుడు కనుక్కున్నాయి. బీడు దున్నుకోవడానికి రైతులకు అప్పు ఇచ్చి, దానిని జొన్నల రూపంలో తిరిగి రాబట్టాయి. ఆ గింజలను వూళ్ళోనే నిలవ చేసి, పనులు దొరకని రోజులలో పేద కుటుంబాలకు చౌకధరకు అమ్మాయి. విత్తనాలకూ ఇటువంటి పద్ధతే. తీసుకున్నవారు పంట వచ్చాక ఎక్కువ కొలిచి ఇవ్వాలి. సంక్రాంతికి బయలుదేరే పాత పంటల జాతరలో బండ్లపై వూరేగేవి ఆ విత్తనాలే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి యీ సంఘాలకు లభించింది.

చిక్కు ఎక్కడ?

బహుమతితో పంట గిట్టుబాటు కాదు. 2025-26కు కేంద్రం క్వింటాలు జొన్నకు 3,699 రూపాయలు, రాగికి 4,886 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. ఆ జాబితాలో కొర్ర, సామ లేవు. పైగా పొట్టు తీయనిదే అవి వంటకు పనికిరావు. మామూలు బియ్యం మిల్లులో ఆ చిన్న గింజ సరిగా ఆడదు. దగ్గరలో మర లేని వూళ్ళో రోట్లో దంచే చాకిరీ ఆడవారిదే. లేదంటే వచ్చినకాడికి వ్యాపారికి అమ్ముకోవాలి. ఇక పత్తి వైపు, చెరకు వైపు పోయే రైతును తప్పుపట్టి లాభం లేదు.

చేయవలసినది

చౌకడిపోలలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలు ఇవ్వడానికి 2013 నాటి ఆహార భద్రతా చట్టమే వీలు కల్పించింది. కొత్త చట్టం అక్కరలేదు. జిల్లాలో పండిన గింజలను సంఘాల ద్వారా కొని, ముందుగా యీ ప్రాంతపు డిపోలకు, అంగన్‌వాడీలకు, హాస్టళ్ళకు సరఫరా చేయాలి. పొట్టు తీసే యంత్రాలను సంఘాలకే అప్పగించాలి. రైతులు కూడా ఎవరికి వారుగా అంగడికి పోక, సంఘంగా ఒకే ధర అడగాలి.

విత్తనం కాపాడే పని ఆడవారు చేసి చూపించారు. పంటకు ధర కల్పించే బాధ్యత ప్రభుత్వానిది.