ఫసలీ ప్యాకేజీకి బాధ్యులెవరు?

మొజంజాహీ మార్కెట్టు గడియారం కింద నిలబడి ఈ కట్టడం ఏనాటిదని అడిగితే 1935 నాటిదని చెప్పేవారు చాలామంది దొరుకుతారు. నిజాం రెండవ కుమారుని పేర వెలసిన ఆ రాతి భవనానికి ఫసలీ సంవత్సరం చెప్పమంటే మాత్రం చిక్కు వచ్చిపడుతుంది. 1344 అనవచ్చు, 1345 అనవచ్చు. అక్టోబరుకు ముందా, తరువాతా అన్నది తేలనిదే జవాబు లేదు. ఇది చమత్కారానికి వేసిన ప్రశ్న కాదు. మన తాతల భూమి కాగితాలు, పాత కచేరీ దస్తావేజులు ఈ లెక్కలోనే ఉన్నవి. తెలంగాణ ప్రాంతపు భూమి శిస్తు చట్టం పేరులోనే 1317 ఫసలీ అని ఉన్నది. అది 1907-08 నాటి మాట.

ఈ తేదీల లెక్కను కంప్యూటరుకు నేర్పే చిన్న ప్యాకేజీని గణాంకశాస్త్ర విద్యార్థులమైన మేము గత సంవత్సరం వ్రాశాము. ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేరుకు అది అనుబంధం కావలెనని మా కోరిక. న్యూజీలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు దానిని ఆరంభించి, 1995లో అందరూ వాడుకొనుటకు, మార్చుకొనుటకు వీలైన లైసెన్సు కింద లోకానికి వదలినారు. మూలం వారిద్దరిది. దానికి తోడైన ప్యాకేజీలు మాత్రం వేలాది చేతుల పని. ‘క్రాన్’ అనే భాండాగారంలో నేడు అవి ఇరవై వేలు దాటినవి. జీవశాస్త్రజ్ఞుడు తనకు కావలసినది వ్రాసుకున్నాడు, ఆర్థికవేత్త తనకు కావలసినది వ్రాసుకున్నాడు. వ్రాసిన పిదప తన పెట్టెలో దాచుకోక పదిమందికి ఇచ్చినాడు.

ఇందులో మన వాటా ఎంత? బుద్ధికి లోటు లేదు. తెలుగు కుటుంబంలో పుట్టి, వాల్తేరులో గణితం చదివి, కలకత్తాలో పేరు గడించిన సి.ఆర్. రావు గారు 1982లో వైవిధ్యాన్ని కొలిచే ఒక కొలమానాన్ని ప్రతిపాదించినారు. ఒక అడవిలో ఎన్ని జాతుల మొక్కలున్నవని మాత్రమే కాక, అవి ఒకదానికొకటి ఎంత భిన్నమన్నది కూడా ఆ కొలత పట్టుకుంటుంది. నేడు ఫ్రాన్సులోని లియాన్‌లో పుట్టిన ‘ఏడీఈ4’ ప్యాకేజీలోను, ‘ఎఫ్‌డీ’ అనే మరొక ప్యాకేజీలోను ఆ కొలత ఒక్క ఆజ్ఞతో లభిస్తుంది. సూత్రం మనవారిది, పనిముట్టు పరాయివారిది. ఇందుకు వారిని తప్పుపట్టుట అవివేకం. వారు చేసినది మేలే. కాని ఫసలీ లెక్కను ఏ లియాన్ పండితుడు వచ్చి వ్రాస్తాడు? ఉర్దూలో ఉన్న దస్తావేజును, తెలుగులో ఉన్న శిస్తు రసీదును ఒకే బల్ల మీద పెట్టుకొని చదవగల పిల్లలున్న తరగతి మాది. ఆ పని మాకు తగినదని అందుకే తలచినాము.

తలచినంత సులభం కాలేదు. మొదట మేము అంతటికీ ఒకే సూత్రం వ్రాసినాము. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజుర్ మాసంతో, అంటే అక్టోబరు తొలివారంలో, మొదలయ్యేది. అదే అందరి లెక్క అనుకొని సంతోషపడినాము. గుంటూరు నుంచి వచ్చి హాస్టలులో ఉంటున్న మిత్రుడొకడు తన ఇంటి పాత రసీదు తెచ్చి చూపగా మా ప్యాకేజీ తప్పు చెప్పింది. మద్రాసు రాజధాని ప్రాంతంలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. నేటికీ రెవెన్యూ లెక్కలలో ఆ పద్ధతే ఉన్నది. కనుక జూలై మొదలు అక్టోబరు తొలివారం దాకా ఒకే దినానికి రెండు ఫసలీలు! 1947 ఆగస్టు 15 గుంటూరు లెక్కలో 1357, హైదరాబాదు లెక్కలో 1356. ఆ మిత్రునికి ప్రోగ్రామింగులో ఒక్క ముక్క రాదు. అయినను మా ప్యాకేజీ రచయితల పట్టికలో అతని పేరు చేర్చినాము. అది దయతో చేసినది కాదు.

నెలల పేర్లను సరిచూచుటకు ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాల గుట్టలలో జంత్రీల కోసం వెదికినాము. ఉర్దూ అక్షరాలను ప్యాకేజీలో నేరుగా వ్రాస్తే పరీక్షలో హెచ్చరిక వస్తుంది కనుక ఒక్కొక్క అక్షరాన్ని దాని సంకేత సంఖ్యగా మార్చవలసి వచ్చింది. ఒక విద్యార్థిని రెండు సాయంత్రాలు ఆ పని మీదనే కూర్చున్నది.

ఇక అసలు సంగతికి వద్దాము. ప్యాకేజీ సిద్ధంగా ఉన్నది, కాని పంపలేదు. క్రాన్ నియమాల ప్రకారం ప్రతి ప్యాకేజీకి బాధ్యుడుగా ఒక వ్యక్తి పేరు, పనిచేసే ఈమెయిలు చిరునామా ఉండవలెను. సంస్థ పేరు చెల్లదు. మూల సాఫ్ట్‌వేరు మారినపుడు ప్యాకేజీ పరీక్షలో తప్పితే ఆ వ్యక్తికి లేఖ వస్తుంది. గడువులోగా సరిచేయకపోతే ప్యాకేజీని జాబితా నుంచి తొలగించి పాత సరుకుల అరలో పెడతారు. మేమంతా మే నెలలో ఈ కళాశాల విడిచిపోయేవారము. కళాశాల మాకిచ్చిన చిరునామాలు మా వెంట రావు. మరి ఆ లేఖ ఎవరికి చేరును?

1917లో ఉస్మానియా కోసం ఏర్పడిన దారుల్ తర్జుమా పండితులు భౌతిక, రసాయన శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చినారు. వారి పుస్తకం అచ్చయిన తరువాత అనువాదకుడు లేకున్నా అది అలమరలో నిలిచియుండును. ప్యాకేజీ అట్టిది కాదు. దిక్కులేని ప్యాకేజీ చెడిపోతుంది, దానిని నమ్ముకొని లెక్క వేసినవాని పరిశోధన కూడా ఆగిపోతుంది. అటువంటి దానిని లోకం మీదికి వదలుట కంటే పంపకుండుటయే మేలని మా నిశ్చితాభిప్రాయం. మాలో ఇద్దరు దీనికి ఒప్పుకొనలేదు. ముందు పంపుదాము, తరువాత చూతమన్నారు. ఉద్యోగాల దరఖాస్తులో పేరు కనబడుతుందని వారి వాదన. అది కొట్టివేయదగిన వాదన కాదు. మా తరగతిలో సాయంత్రాలు మార్కెట్టు దుకాణాలలో పనిచేసి ఫీజు కట్టుకునేవారు ఉన్నారు.

పెద్దలు కొందరు మరొక మాట అన్నారు. బీద పిల్లలు చదివే కళాశాలకు ఊరికే ఇచ్చే పని ఎందుకు, కూలి వచ్చే పని నేర్పండి అని. నిజమే. అయితే ఈ పిల్లలు మూడేండ్లుగా నేర్చినదంతా ఎవరో ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేరు మీదనే. కొని నేర్పవలసి వస్తే మన ప్రయోగశాలలో ఎన్ని యంత్రాలకు లైసెన్సులు వచ్చేవో కమిటీవారికే బాగా తెలుసు.

కాబట్టి కమిటీవారిని మేము అడుగునది సొమ్ము కాదు. గణాంకశాస్త్ర విభాగంలో ఒక అధ్యాపకునికి వారానికి రెండు గంటలు ఈ పనికని కేటాయించి, ఆయన పేరున బాధ్యత వ్రాయించవలెను. ఆయన బదిలీ అయిననాడు మరొకరి పేరు వ్రాయుట చిన్న పని. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా కొత్త ప్యాకేజీయే కానక్కరలేదు, పాతదానిని సరిచేయుటకు కూడా మార్కులు ఇవ్వవలెను. నేటి పద్ధతిలో ప్రతి సంవత్సరం కొత్త ప్రాజెక్టు పుట్టి, అట్ట కట్టించుకొని, బీరువాలో చేరుతున్నది. రెండవ సంవత్సరం విద్యార్థులలో నలుగురు ఇప్పటికే మాతో కూర్చొని తేదీల పట్టికలను పరీక్షిస్తున్నారు. వారిలో ఒకరు వాడుక వివరాలను ఉర్దూలోను, మరొకరు తెలుగులోను వ్రాస్తున్నారు.

బాధ్యుని పేరు వ్రాయవలసిన గడి ప్రస్తుతం ఖాళీగా ఉన్నది. మా పరీక్షలు ముగియులోగా కమిటీ నిర్ణయం తెలిస్తే ప్యాకేజీని పంపి వెళ్తాము. లేనిచో ఆ నలుగురికి అప్పగించి వెళ్తాము.