తుంగభద్రలో మేట వేసిన మన వాటా

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు రెండు రాష్ట్రాల రైతులకు నిద్ర లేదు. నిపుణుడు కన్నయ్యనాయుడు సలహాతో వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు దించి నీళ్లు ఆపారు. మంచి పని. కానీ అదే డ్యాంలో అంతకంటే పెద్ద నష్టం డెబ్బై ఏళ్లుగా చప్పుడు లేకుండా జరుగుతోంది. దాన్ని చూడటానికి ఒక్క మంత్రీ రాడు.

1953లో నీళ్లు నిలిపినప్పుడు డ్యాం సామర్థ్యం 133 టీఎంసీలు. ఇటీవలి సర్వే లెక్క 105.788. అంటే 27 టీఎంసీల చోటు మట్టి ఆక్రమించింది. ట్రిబ్యునల్ మన ఎగువ కాలువకు ఇచ్చిన వాటా 32.5 టీఎంసీలు. ఇంచుమించు ఒక కాలువ నీళ్లు పూడికలో కలిసిపోయాయన్నమాట. వాటాలు కాగితం మీద అలాగే ఉన్నాయి. ఏటా డ్యాంలోకి ఎంత వస్తుందో అంచనా కట్టి, ఆ నిష్పత్తిలో అందరికీ కోత పెడతారు.

ఆ కోత అందరి మీదా సమానంగా పడదు. అనంతపురం పట్టణానికీ, సత్యసాయి పథకం కింది వందల ఊళ్లకూ ఈ కాలువ నీళ్లే పీఏబీఆర్ ద్వారా అందుతున్నాయి. తాగునీటికి మొదటి హక్కు ఉండాలి, ఇందులో మనకు పేచీ లేదు. మన ఇళ్లలోనూ ఆ నీళ్లే తాగుతున్నాం. అయితే తాగునీటిని తగ్గించడం కుదరదు కాబట్టి, తరుగు మొత్తం ఆయకట్టు నెత్తిన పడుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల రైతు నారు పోయాలా వద్దా అని ఆగస్టులో ఆకాశం వైపు, కాలువ వైపు మార్చి మార్చి చూడటానికి కారణం ఇదే.

మరి పూడిక తీయలేమా? ఎన్నికలప్పుడు అందరూ తీస్తామనే అంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. టిప్పరుకు 10 ఘనపు మీటర్ల చొప్పున 27 టీఎంసీల మట్టికి ఏడున్నర కోట్ల ట్రిప్పులు దాటతాయి. ఏడాది పొడుగునా రోజుకు వెయ్యి టిప్పర్లు తోలినా రెండు వందల ఏళ్లకు పైగా పడుతుంది. ఈలోగా కొత్త మట్టి వస్తూనే ఉంటుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల మట్టిని పొలాలకు తోలించింది. చెరువుకు సాధ్యమైంది ఇంత పెద్ద జలాశయానికి సాధ్యం కాదు. మొత్తం పూడిక తీస్తామనే వాళ్లకు కాంట్రాక్టు మీద కన్నుందని అనుమానించడం తప్పు కాదు.

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. 2017 ఎండాకాలంలో కర్ణాటక రైతులు తమ ఖర్చుతో పూడిక తీసే పని మొదలుపెట్టారు. అది చిన్న ప్రయత్నమే. కానీ ఎండాకాలంలో బయటపడే అంచుల మట్టిని, భూసార పరీక్ష చేసి, పొలాలకు ఉచితంగా ఇవ్వాలి. డీజిల్ ఖర్చు ప్రభుత్వాలు భరించాలి. పోయిన చోటు తిరిగి రావాలంటే మాత్రం బయట వెతకాలి. కర్ణాటక నవలి దగ్గర జలాశయం అంటోంది, మన వైపు సమాంతర కాలువ అంటున్నారు. ఒకరి ప్రతిపాదనకు ఇంకొకరు అడ్డం పడుతుంటే వరద నీళ్లు గేట్ల మీదుగా పోతూనే ఉన్నాయి. ముందు మన చేతిలో ఉన్నది చేయాలి: ఎగువ కాలువ గట్లు బాగుచేసి, వరద వచ్చిన రోజుల్లోనే పీఏబీఆర్‌నూ, మిడ్ పెన్నార్‌నూ, దారిలోని చెరువులనూ నింపాలి.

సాగునీటి సలహా మండలి సమావేశానికి వెళ్లే మన ప్రతినిధులు ఈసారి నీళ్ల విడుదల తేదీతో సరిపెట్టకూడదు. తుంగభద్ర బోర్డు పూడిక సర్వే నివేదికను తెలుగులో, కన్నడంలో రైతుల ముందు పెట్టాలనీ, తాగునీటికి ఎంత, సాగుకు ఎంత అనేది సీజన్‌కు ముందే ప్రకటించాలనీ అడగాలి. కాలువ గట్ల మరమ్మతుకు ఈ ఏడాది బడ్జెట్‌లో ఎంత ఇచ్చారో కూడా అక్కడే తేల్చుకుని రావాలి.