చిన్న సర్వరు ఆలస్యానికి బాధ్యులెవరు?

మన కోవూరు కళాశాల గ్రంథాలయంలో అరచేతిలో ఇమిడే రాస్‌ప్‌బెరీ పై 4 కంప్యూటరు ఒకటి వెబ్ సర్వరుగా పనిచేస్తున్నది. పాత ప్రశ్నపత్రాలు, తెలుగు, ఉర్దూ పాఠాల నోట్సు అందులో ఉన్నాయి. ఒక్కరు అడిగితే పేజీ వెంటనే వస్తుంది. తరగతి మొత్తం ఒక్కసారి అడిగితే తెర తెల్లబోయి నిలిచిపోతుంది. ఇది ఆటబొమ్మ, దీనిని తీసివేసి విదేశంలోని పెద్ద సర్వరును అద్దెకు తీసుకోవాలన్న మాట కమిటీ సమావేశం దాకా వచ్చింది. ఈ తీర్పుతో మేము ఏకీభవించలేకపోతున్నాం.

జాప్యం ఎక్కడ పుడుతున్నదో ముందు చూడాలి. ఆ బోర్డు ప్రాసెసరులో నాలుగు కోర్లున్నాయి. అడిగిన ప్రతిసారీ డేటాబేసును వెదకి పేజీని కొత్తగా కూర్చడానికి ఒక కోరుకు అర సెకను పడుతుందనుకుందాం. నలభైమంది ఒకేసారి నొక్కితే నలుగురి చొప్పున పది విడతలు. చివరి విద్యార్థికి అయిదు సెకన్లు. ఒక సెకను దాటితే ఆలోచనాధార తెగుతుందని జేకబ్ నీల్సన్ 1993లోనే తన గ్రంథంలో చెప్పాడు. సగటు మూడు సెకన్లలోపే గనుక నివేదికలో అంతా సవ్యంగానే ఉంటుంది. చివరి బెంచీ విద్యార్థి నిరీక్షణ మాత్రం అందులో కనిపించదు.

అదే పేజీని ముందుగానే తయారుచేసి ఫైలుగా ఉంచితే, దానిని తీసి అందించడమే సర్వరు పని. అది సాధారణంగా కొన్ని మిల్లీసెకన్లలో తేలుతుంది. నిరుటి ప్రశ్నపత్రం రోజుకొక తీరుగా మారదు గదా! అడిగినప్పుడల్లా పొయ్యి వెలిగించి వండడమెందుకు?

ఇక యంత్రానికి మనం చేసిన అన్యాయం ఉన్నది. మెమరీ కార్డుమీద చిన్న చిన్న రాతలు నెమ్మదిగా సాగుతాయి. మనమేమో ప్రతి కోరికనూ దానిమీదనే లాగు ఫైలుగా రాయిస్తున్నాం. ఎవరిదో పాత సెల్‌ఫోను ఛార్జరు తగిలించాం. వోల్టేజి పడిపోతే ఆ బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చిప్పు వేడి 80 డిగ్రీలు చేరినా అంతే. మే నెలలో నెల్లూరు సీమ ఎండకు, గాలి ఆడని బీరువాలో, ఫ్యాను లేకుండా ఉంచి వేగం లేదనడం న్యాయమా?

ఉర్దూ పేజీల చిక్కు వేరు. నస్తాలీఖు ఫాంటులో వేలకొద్దీ అక్షర సంయోగాలుండవచ్చు గనుక ఫైలు బరువు. దానిని విద్యార్థి ఫోనులో ఒకసారి నిలువచేయిస్తే మళ్లీ మళ్లీ పంపనక్కరలేదు.

విదేశీ సర్వరు మాట. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. సింగపూరుకు పోయిరావడానికే దాదాపు 30 మిల్లీసెకన్లు, అదీ తీగ తిన్నగా ఉంటే. తొలి పేజీకి అటువంటి రాకపోకలు అనేకం. పైగా మన ఊరి ఇంటర్నెట్టు లైను తెగిననాడు అది ఎంత పెద్దదైతే మాత్రమేమి?

కమిటీవారికి మా మనవి ఒక్కటే. ఈ వేసవి సెలవులలో పేజీలను ఫైళ్లుగా మార్చి, సరైన ఛార్జరు, ఫ్యాను, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ అమర్చేందుకు అనుమతించండి. తరగతులు తెరిచిన మొదటి వారంలో నలభైమందిచేత ఒకేసారి నొక్కించి, చివరివాని నిరీక్షణను గడియారం పట్టి కొలుద్దాం. అప్పటికీ సెకను దాటితే బోర్డును మేమే ఊడదీసి ఇస్తాం.