బయానా పంపే ముందు ఊది చూడండి

పాత ట్యూబా (ఊదే ఇత్తడి వాయిద్యం) గానీ, ‘యార్క్ కాపీ’ అని చెప్పే కొత్తది గానీ కొనడానికి డబ్బు సిద్ధం చేసుకున్నవాళ్ళు ఆగండి. ఫొటో చూసి బయానా పంపకండి. అమెరికాలో పిల్లల్ని స్కూలు బ్యాండులో చేర్చిన తెలుగు తల్లిదండ్రులకూ ఇదే మాట.

ఆ పేరుకు గిరాకీ ఊరికే రాలేదు. 1933లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో యార్క్ కంపెనీ ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కోసం రెండు పెద్ద ట్యూబాలు చేసింది. తర్వాత వాటిని వాయించి పేరు తెచ్చింది ఆర్నాల్డ్ జేకబ్స్. 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీలో ట్యూబా వాయించినవాడు. స్విట్జర్లాండ్‌లో హిర్స్‌బ్రూనర్, జపాన్‌లో యమహా వాటి నమూనాతో కొత్తవి చేశాయి. ఇప్పుడు ఆ రెండు పాత ట్యూబాల మర్యాదను యార్క్ పేరున్న ప్రతిదానికీ అంటగడుతున్నారు. మోసపోయేది అక్కడే.

పాతదైతే ముందు శ్రుతి చూడండి. ఒకప్పుడు అమెరికా బ్యాండ్లలో ‘ఎ’ స్వరం 450 హెర్ట్జ్ దాటి ఉండేది, ఇప్పుడు 440. ఆనాటి వాయిద్యం ఎంత తీయగా మోగినా పక్కవాళ్ళతో కలవదు. ఇత్తడి మీద గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే, లోపలి నుంచి జింకు పోయి రాగి మిగులుతోందని అర్థం. మెరుగు పెడితే అది నయం కాదు. వాల్వు నొక్కకుండా దాని స్లైడు బయటికి లాగి, కాసేపాగి వాల్వు నొక్కండి. టప్‌మని చప్పుడు రాలేదంటే గాలి కారుతోంది. అన్నిటికన్నా భయపడాల్సింది లోపలి బూజుకి. శుభ్రం చేయని ఇత్తడి వాయిద్యాలు ఊది ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నవాళ్ళ కేసులు వైద్యపత్రికల్లో ఉన్నాయి. కడిగించకుండా పిల్లల నోటికి అందివ్వకండి.

కాపీ సంగతి వేరు. బెల్ వెడల్పు, గొట్టం పొడవు ఎవరైనా కొలుస్తారు. గొట్టం లోపల ఎక్కడ ఎంత విప్పారుతుందో, రేకు ఎక్కడ పలచనో పట్టుకోవడం కష్టం. శ్రుతీ పలుకూ చాలావరకు వాటిమీదే ఆధారపడతాయి. అందుకే కవలల్లా కనిపించే రెండు ట్యూబాలు రెండు రకాలుగా పలుకుతాయి. కాపీ అంటే చులకన అక్కర్లేదు. రోజూ సాధన చేసే విద్యార్థికి వాల్వులు బిగువుగా ఉన్న కొత్తదే మేలని నా గట్టి నమ్మకం.

మీ మౌత్‌పీసు, ట్యూనరు వెంట తీసుకెళ్ళండి. కింది స్వరాలు మెల్లగా, ఆ తర్వాత గట్టిగా పలికించండి. తెలిసినవాళ్ళను గదికి ఆ చివర నిలబెట్టి వినమనండి; ఊదేవాళ్ళకు వినిపించేది, దూరంగా ఉన్నవాళ్ళకు వినిపించేది ఒకటి కాదు. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాసివ్వనంటే అక్కడ కొనకండి.