చిన్న దేశం – పెద్ద సముద్రం

అబిడ్స్ చౌరస్తాలో నిలబడి సముద్రం సంగతి ఎత్తితే నవ్వేవాళ్ళే ఎక్కువ. కాని నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు తెల్లారేసరికి విశాఖలో దిగుతాడు. మన తూర్పు నౌకాదళానికి అదే కేంద్రం. అక్కడ 2023 డిసెంబరులో ఒక చిన్న యుద్ధనౌక మళ్ళీ మన జెండా ఎగరేసింది. దాని కథలో చిన్న దేశాల కష్టసుఖాలు చాలానే ఉన్నాయి.

ఆ నౌక పేరు తార్ముగ్లి. 2001లో మన నౌకాదళంలో చేరింది. 2006లో దాన్ని మనవాళ్ళు సీషెల్స్ దేశానికి బహుమానంగా ఇచ్చారు. 'టోపాజ్' అనే పేరుతో 2020 దాకా అక్కడ పనిచేసింది. సీషెల్స్ జనాభా లక్ష పైచిలుకు; మన కరీంనగర్ పట్టణమంత కూడా లేదు. కాని దాని హక్కులో ఉన్న సముద్రం సుమారు 13 లక్షల చదరపు కిలోమీటర్లు! ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా అందులో అయిదో వంతే. అంత చేనుకు కాపలా గుప్పెడు పడవలున్న కోస్ట్ గార్డు.

2009 ప్రాంతంలో సోమాలీ దొంగలు ఆ నీళ్ళ మీద పడ్డారు. చేపలవేట, పర్యాటకం మీద బతికే దేశం గతి ఏం కావాలి? 2010 మార్చిలో ఈ టోపాజ్ నౌకే దొంగల చెర నుంచి 27 మందిని విడిపించింది. వారిలో స్వదేశీయులు ఆరుగురే, మిగతా 21 మంది ఇరానీయులు. దొంగలను తన కోర్టుల్లో విచారించడానికి కూడా ఆ దేశం ముందుకొచ్చింది. అంటే చిన్నవాడు పుచ్చుకోవడమే కాదు, ఇచ్చాడు కూడా.

అసలు ప్రశ్న ఇక్కడే వస్తుంది. సాయం చేసినవాడికి హక్కు ఎంతవరకు? అజంప్షన్ దీవిలో సైనిక వసతులు కట్టేందుకు భారత్, సీషెల్స్ 2015లో ఒప్పందం చేసుకున్నాయి. 2018లో దాన్ని సవరించాయి. అక్కడి జనం వీధుల్లోకి వచ్చి వద్దన్నారు. పార్లమెంటులో మెజారిటీ ఉన్న ప్రతిపక్షం ఆమోదించేది లేదన్నది. "పడవలిచ్చినోళ్ళకు ఒక్క దీవి ఇయ్యరా, ఇంత విశ్వాసం లేకపోతే ఎట్లా?" అని మనలో కొందరంటారు. నేనొప్పుకోను.

మా పల్లెల్లో బదలు పని ఉంటుంది. ఇవాళ నీ చేనుకు నేనొస్తే రేపు నా చేనుకు నువ్వొస్తావు. ఎకరం రైతుకైనా పదెకరాల రైతుకైనా లెక్క ఒకటే. కాని పెద్ద రైతు ట్రాక్టరు ఇచ్చి చిన్న రైతు గట్టు మీద కన్నేస్తే అది సాయం కాదు, అప్పు. ఆ అప్పు తీరేది కాదు.

మన హైదరాబాదుకే ఒక అనుభవం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో 'నిజాం' అనే డిస్ట్రాయరు ఉండేది. పేరు మన నిజాం నవాబుది, ఆస్తి బ్రిటిషువారిది, నడిపింది ఆస్ట్రేలియా నావికులు. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగిపోయిననాడు అది టోక్యో అఖాతంలో ఉంది. అయినా ఆ యుద్ధం గురించి ఇక్కడి ప్రజలను అడిగిన నాథుడు లేడు. పేరు ఉన్నంత మాత్రాన భాగస్వామ్యం కాదు, మాట చెల్లాలి.

1995లో నాలుగు విదేశీ నౌకాదళాలతో మొదలైన మన మిలన్ విన్యాసాలకు 2024లో విశాఖకు పిలిచినవి సుమారు యాభై దేశాలు. గర్వించవలసిందే. కాని మిత్రులారా, ఎన్ని జెండాలు ఎగిరాయో లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు. అందులో చిన్న దేశం మనకు "కాదు" అని చెప్పి కూడా మర్యాదగా మన పక్కన కూర్చోగలదా? కూర్చోగలిగితేనే అది స్నేహం. ఆపద వచ్చినప్పుడు నిలబడేది కూడా అటువంటి స్నేహమే.