ముందు ఒక ఎల్‌ఈడీ మాడనివ్వండి



పోయిన నెల మా మనవడి పుట్టినరోజుకి వాళ్ల నాన్న మూడు వేలు పెట్టి రోబో కిట్ కొన్నాడు. కాగితం మీద బొమ్మ చూసి వైర్లు గుచ్చారు, బండి నడిచింది. మూడో రోజు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తండ్రికీ తెలియదు, కొడుక్కీ తెలియదు. ఇప్పుడది బీరువా మీద ఉంది.

ఆ శనివారం వాణ్ణి రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్లాను. ఒక బ్రెడ్‌బోర్డు, 9 వోల్టుల బ్యాటరీ, అయిదు ఎర్ర ఎల్‌ఈడీలు, కొన్ని 470 ఓముల రెసిస్టర్లు కొన్నాం. ఇంటికొచ్చాక ముందు ఎల్‌ఈడీని నేరుగా బ్యాటరీకి పెట్టమన్నాను, మొహానికి దూరంగా. ఒక్కసారి మెరిసి మాడిపోయింది. వాడు బిక్కమొహం వేశాడు.

అప్పుడు లెక్క చెప్పాను. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. మిగతా 7 రెసిస్టర్ మీద పడాలి. 7ని 470తో భాగిస్తే దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు. ఇలాంటి చిన్న ఎల్‌ఈడీ 20 దాకా తట్టుకుంటుంది. రెండోది వెలిగింది. మూడోది వెలగలేదు. పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలని వాడే కనిపెట్టి తిప్పి పెట్టాడు.

నా అభిప్రాయం ఇది. కొత్తగా మొదలుపెట్టేవాడికి ఖరీదైన బోర్డు అక్కర్లేదు. పాడైనా కొద్ది రూపాయలతో పోయే సామాను, ఒక మామూలు మల్టీమీటర్, పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆర్డువినో, సోల్డరింగ్ తర్వాత. ఇంటి కరెంటు జోలికి మాత్రం పోనివ్వకూడదు.

వీడియోలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ మీ పిల్లాడి వైరు ఒక్క రంధ్రం పక్కకి జరిగిందని వీడియో చెప్పదు.

మన హాలు ఉగాదికీ సన్మానాలకీ తెరుస్తాం. మిగతా ఆదివారాలు కుర్చీలు పేర్చి తాళం వేస్తాం. రేడియోలు, టీవీలు బాగుచేసి సంసారాలు నడిపిన పెద్దలు మనలోనే ఉన్నారు. వాళ్లకి శాలువా కప్పాం గానీ, ఒక బల్ల వేసి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టలేదు. పిల్లలకి తెలుగు రావడం లేదని ప్రతి సమావేశంలో బాధపడతాం. తెలుగులో మాట్లాడాల్సిన పని ఒక్కటైనా వాళ్లకి ఇచ్చామా? ఇంట్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడని మావాడు ఆ సాయంత్రం "తాతా, ఇటు పట్టుకో, ఊడిపోతోంది" అన్నాడు.

నెలకో ఆదివారం, రెండు గంటలు, పదిమంది పిల్లలు. మొదటిసారి సామాను నేను తెస్తాను. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ మాట పెడుతున్నాను. హాలు తాళం ఇవ్వండి. పని తెలిసిన పెద్దలెవరో మీకు తెలిస్తే చెప్పండి, నేనే వెళ్లి పిలుస్తాను.